రాత్రివేళ చిరుతిండి – దాని అదుపు

మన పల్లెలకు విద్యుద్దీపములు వచ్చిన పిమ్మట రాత్రి యనునది పూర్వపు రాత్రి వలె లేదు. కిరసనాయిలు బుడ్డి వెలుగున అన్నము తిని, నూనె కలిసివచ్చునని త్వరగా దీపమార్పి పడుకొనిన తరమువారు ఇప్పటికిని మన యిండ్లలో కొందరు కలరు. వారి కాలమున ప్రొద్దుగూకిన రెండు గంటలకే ఊరు మాటుమణిగెడిది. నేడు రాత్రి పది గంటలకు సైతము ఇంటింట దీపములు వెలుగుచున్నవి. టెలివిజను మ్రోగుచున్నది, పిల్లలు పరీక్షలకు చదువుకొనుచున్నారు, వీధి మొగనున్న కిరాణా కొట్టు తెరచియే యున్నది. ఇది అభివృద్ధియే, దానిని కాదనుటకు మేము పూనుకొనలేదు. అయితే మేలుకొనియుండు సమయము పెరిగినకొలది నోరాడు సమయమును పెరిగినది.

రాత్రి భోజనమునకును నిద్రకును నడుమ తిను తిండిని గూర్చి ఇచట కొంత వివరింపదలచితిమి. జంతికలు, చేగోడీలు, సకినాలు, కారప్పూస, కొట్టు ముందు దండలు దండలుగా వ్రేలాడు ఐదు రూపాయల చిప్సు పొట్లములు, క్రీము బిస్కట్లు, పండుగనాటి అరిసెలలో మిగిలిన నాలుగు – ఇవి చూచుటకు స్వల్పములే. బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పగా పగలంతయు నియమముగానుండి, రాత్రి పది గంటలకు డబ్బా మూత తీయువారు మనలో అనేకులు కలరు. అట్టివారు మరునాడు తమ్ము తామే దూషించుకొందురు. తమకు మనోనిగ్రహము లేదని కృంగిపోవుదురు. మా అభిప్రాయమున ఈ దూషణ చాలవరకు అనవసరము. రాత్రి పది గంటలకు చేయి డబ్బాలోనికి పోవుటకు కారణము ఉదయము ఎనిమిది గంటలకే ఏర్పడుచున్నది. ఆ సంగతి తెలిసినచో అదుపు చేయుటయు సులభమగును.

బరువు సంగతి పల్లెలకు సంబంధించినదా యని కొందరు సందేహింపవచ్చును. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో దేశము మొత్తముమీద నూటికి 24 మంది అధిక బరువు గలవారు. ఆంధ్రప్రదేశములో ఈ సంఖ్య నూటికి 36, తెలంగాణములో 30. పురుషులలో దేశమున నూటికి 23 మంది కాగా, ఆంధ్రప్రదేశములో 31 మంది, తెలంగాణములో 32 మంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలనలో దేశమునందు 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు ఉన్నారనియు, మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధికి ముందటి మెట్టుమీద ఉన్నారనియు తేలినది. ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము వరి కోయుచున్నది, పొలమునకు మోటారు సైకిలు పోవుచున్నది. అన్నపు కంచము మాత్రము నాగలి దున్నిన నాటి పరిమాణముననే యున్నది. దానికి తోడు పొట్లములు వచ్చినవి.

తన బరువు ఎక్కువయో కాదో ఎవరికి వారు తెలిసికొనవచ్చును. కిలోగ్రాములలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగింపవలెను. వచ్చిన సంఖ్య మన దేశీయులకు 23 దాటినచో అధిక బరువనియు, 25 దాటినచో స్థూలకాయమనియు వైద్యులు పరిగణించుచున్నారు. 160 సెంటీమీటర్ల ఎత్తుగల వ్యక్తికి 59 కిలోలు మొదటి హద్దు, 64 కిలోలు రెండవ హద్దు. ఈ లెక్క కష్టమనిపించినచో బట్టలు కుట్టువాని టేపు చాలును: నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. కాళ్లు చేతులు సన్నముగానుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చినవారు తాము లావు కామని ధైర్యముగా నుందురు. మధుమేహము విషయమున ఆ పొట్టయే ఎక్కువ ప్రమాదకరము.

శరీరములోని గడియారము

మన దేహములో ఒక గడియారమున్నది. ఇది అలంకారమునకు చెప్పు మాట కాదు. జీవకణములలో ఆ గడియారము ఎట్లు నడచుచున్నదో కనుగొన్నందుకు 2017లో ముగ్గురు అమెరికను శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమానమీయబడినది. నిద్ర, శరీరపు వేడిమి, జీర్ణక్రియ, ఆకలి – ఇవన్నియు ఆ గడియారమునకు లోబడియే యుండును. 2013లో అమెరికాలో కొందరిని పగలు రాత్రి తెలియని మసక వెలుగు గదులలో కొన్ని దినములు ఉంచి పరిశీలింపగా, ఉదయము ఎనిమిది గంటల ప్రాంతమున ఆకలి అత్యల్పముగాను, రాత్రి ఎనిమిది గంటల ప్రాంతమున అత్యధికముగాను ఉన్నట్లు తేలినది. తీపి, ఉప్పు, పిండివంటల మీది కోరికయు అట్లే రాత్రి పెరిగినది. కావున రాత్రి ఏదైనను తినవలెననిపించుట దుర్గుణము కాదు, దేహధర్మము.

అయితే ఆకలి పెరుగు ఆ వేళకే తిండిని సర్దుకొను శక్తి తరుగుచుండును. రక్తములోని చక్కెరను అదుపులోనుంచు ఇన్సులిన్ ఉదయమున చేసినంత చురుకుగా రాత్రి పని చేయదు. అదే అన్నము, అదే కూర, ఉదయము తినినపుడుకంటె రాత్రి తినినపుడు రక్తములో చక్కెర ఎక్కువగా లేచును. 2022లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో 16 మంది స్థూలకాయులకు సమానమైన ఆహారమునే ఒకమారు వేళకును, మరియొకమారు నాలుగు గంటలు ఆలస్యముగాను పెట్టి చూచిరి. ఆలస్యముగా తినినపుడు వారికి ఆకలి ఎక్కువైనది. దేహము ఖర్చు పెట్టు శక్తి తగ్గినది. కడుపు నిండెనని మెదడునకు తెలుపు లెప్టిన్ అను పదార్థము తక్కువైనది. పదునారుగురితో జరిగిన పరిశీలన చిన్నదే. దానిని పట్టుకొని, రాత్రి తినిన ప్రతి మెతుకును విషమని చెప్పుట తగదు. బరువు విషయమున ఎంత తింటిమన్నది మొదటి సంగతి. ఎప్పుడు తింటిమన్నది రెండవది. కాని రాత్రి పొట్లమునందు ఈ రెండు దోషములును ఒక్కచోట కూడుచున్నవి.

నిద్ర సంగతియు దీనితో ముడిపడియున్నది. చికాగోలో 2004లో పండ్రెండుగురు యువకులకు వరుసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రపోవ నవకాశమీయగా, వారి ఆకలి సుమారు నాలుగవ వంతు పెరిగినది. అందును తీపి పదార్థములు, ఉప్పు చిరుతిండ్లు, పిండిపదార్థముల మీద కోరిక హెచ్చినది. సెల్‌ఫోను చేతబట్టి అర్ధరాత్రి వరకు మేలుకొనువారికి ఆకలి వేయుటలో వింతలేదు. అప్పటికి వారు అన్నము తిని మూడు నాలుగు గంటలైనది. అట్టివారికి తిండికంటె నిద్రయే సరియైన మందు.

ఒక ఇల్లాలి దినచర్య

ఒక సామాన్య గృహిణి దినచర్యను తలచుకొందము. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి ఒక టీ త్రాగును. పిల్లలను బడికి పంపి, భర్తకు క్యారియరు కట్టి మరల ఒక టీ. ఆ హడావుడిలో తాను తినుటకు తీరిక ఉండదు. బరువు తగ్గవలెనన్న తలపు ఉన్నచో మానివేయుటయే మేలనుకొనును. పదకొండు గంటలకో పండ్రెండు గంటలకో ఇంత అన్నము, పచ్చడి, నీళ్ల మజ్జిగ. మధ్యాహ్నము పొలములోనో ఉపాధి పనిలోనో గడచును. సాయంకాలము మరల టీ, రెండు బిస్కట్లు. ఏడు గంటలకు ధారావాహికలు మొదలగును. అందరు తిని లేచుసరికి తొమ్మిదిన్నర. అందరకు వడ్డించి ఆమె కడపట కూర్చుండును. పప్పు అడుగంటియుండును, కూర అయిపోయియుండును, అన్నము మిగిలియుండును. అన్నము పారవేయుట మహాపాపమని పెద్దలు చెప్పిరి. కావున ఆ మిగిలినదియు తానే తినును. అది అయిన గంటకు, పగలంతయు పడిన శ్రమకు ప్రతిఫలమువలె, డబ్బాలోని జంతికలు.

ఈమె దినమంతయు ఉపవాసప్రాయముగా గడపి రాత్రి నాలుగు గంటలలో సగము తిండి తినుచున్నది. ఆ తిండిలో పిండిపదార్థము, నూనె, చక్కెర కలవు. కడుపును నింపి నిలుపు మాంసకృత్తులు లేవు. నాలుగైదు గ్లాసుల టీలో రెండేసి చెంచాల పంచదార చొప్పున చూచినను దినమునకు 40, 50 గ్రాములగును. అదనముగా కలుపుకొను చక్కెర దినమునకు 25 గ్రాములలోపు ఉండుట మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించియున్నది. ఇట్టి స్త్రీతో "రాత్రి నోరు కట్టుకొనుము" అని చెప్పినందువలన ప్రయోజనమేమి? పగలు కట్టుకొనిన నోరే రాత్రి తెరచుకొనుచున్నది.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములు ఈ విషయమున మిక్కిలి ఉపయుక్తములు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ ఇది. దినమునకు 2000 కేలరీల శక్తినిచ్చు ఆహారములో బియ్యము, గోధుమలు, చిరుధాన్యములు అన్నియు కలిసి 250 గ్రాములు, పప్పులు గాని గ్రుడ్లు, మాంసము గాని 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలెనని ఆ సంస్థ లెక్క. మనకు లభించు శక్తిలో నూటికి 45 పాళ్లకు మించి ధాన్యములనుండి రాకూడదు. మన కంచములను ఒకమారు చూచుకొన్నచో, అన్నము కొండవలెను, పప్పు దాని ప్రక్కన చెలమవలెను కనబడును. ఈ పాళ్లను కొంత మార్చుటయే రాత్రి ఆకలికి మొదటి చికిత్స.

అందులకు క్రొత్త వస్తువులు కొనిపెట్టనక్కరలేదు. మిగిలిన అన్నమునే చూడుడు. రాత్రి కడపట కూర్చున్న ఇల్లాలు బలవంతముగా తిను ఆ అన్నము పూర్వము చద్దియై ఉదయము పిల్లలకును పాలికాపులకును బలమిచ్చెడిది. అదే మరల చేయవచ్చును. సాయంకాలము వండిన అన్నములో మిగిలినది చల్లారిన వెంటనే శుభ్రమైన నీరు పోసి, రెండు గరిటెల మజ్జిగ చేర్చి మూతపెట్టినచో తెల్లవారుసరికి పులియును. మధ్యాహ్నమే వండి వేడిలో గంటల తరబడి పడియున్న అన్నమునకు ఈ పద్ధతి పనికిరాదు. జిగురు వచ్చినను, చెడువాసన పుట్టినను పారవేయవలెను. ఉదయము ఎనిమిది లోపల ఆ చద్దన్నము ఒక గిన్నెడు, దానిలో పెరుగు, ఉల్లిపాయ, ప్రక్కన ఉడికించిన గ్రుడ్డు గాని గుప్పెడు శనగ గుగ్గిళ్లు గాని ఉన్నచో, రాత్రి కడుపులో పడవలసిన తిండి ఉదయమునకు జరిగినట్లే. అన్నమును వ్యర్థము చేసితిమన్న బాధయు ఉండదు. ఇదే ప్రయోజనమును రాయలసీమలో రాగి సంకటి, తెలంగాణములో జొన్న రొట్టెయు పప్పును ఈయగలవు. పల్లెవాని ఉదయపు తిండిని నామోషీగా భావించి టీ బిస్కట్లకు మారుట మనము చేసికొనిన నష్టములలో ఒకటి.

తరువాతిది రాత్రి భోజనపు వేళ. ఆకలి స్వభావముగానే ఏడు ఎనిమిది గంటలకు హెచ్చునని చెప్పితిమి. ఆ వేళకు అన్నము పెట్టక చిరుతిండి పెట్టి, ఆకలి చచ్చిన పిమ్మట తొమ్మిదిన్నరకు అన్నము పెట్టుట మన యిండ్లలో నేడు పరిపాటియైనది. ఈ వరుసను తలక్రిందులు చేసి ఏడున్నరకు భోజనము ముగించినచో, పప్పు, కూర, మజ్జిగలతో కడుపు నిండి, పదింటికి పడుకొనువరకు నిలుచును. తినిన వెంటనే పడుకొనువారికి కలుగు పుల్లని త్రేనుపులు, ఛాతీమంటయు తగ్గును. భోజనమునకును పడకకును రెండు మూడు గంటల వ్యవధి ఉండవలెనని వైద్యులు చెప్పుదురు. ఇంటిల్లిపాదియు ఒక్కసారి కూర్చుండి తినినచో ఇల్లాలికి అడుగంటిన పప్పు మిగులు దుస్థితియు తప్పును. ధారావాహికలు భోజనానంతరమున చూడవచ్చును. వాటికి ఎట్టి లోపమును జరుగదు.

శనివారపు రాత్రి ఉపవాసమును గూర్చి ఇచట ఒక మాట. అన్నము మాని ఫలహారము తీసికొను ఆచారము మన యిండ్లలో చాలమందికి కలదు. రెండు ఇడ్లీలతోనో, కాసిన్ని పండ్లు పాలతోనో అది జరిగినచో మంచిదే. అన్నము మానినామన్న తృప్తితో నూనె కారు పూరీలు ఆరును, బంగాళాదుంప కూరయు సేవించినచో దేవునికి ఎట్లుండునో గాని, దేహమునకు అది ఉపవాసము కాజాలదు.

ఆకలి రుచి ఎరుగదు

ఇన్ని చేసినను రాత్రి తొమ్మిదింటికో పదింటికో ఏదో తినవలెననిపించుట పూర్తిగా పోదు. అట్టి సమయమున అది ఆకలియో, కేవలము జిహ్వచాపల్యమో తెలిసికొనుటకు మన సామెతయే సాధనము. ఆకలి రుచి ఎరుగదందురు. నిజముగా ఆకలియైనవాడు కాసింత మజ్జిగన్నము పెట్టినను తినును. మజ్జిగన్నము వద్దు, మిక్చరే కావలెననిపించినచో అది కడుపులోని ఆకలి కాదు. విసుగో, అలసటయో, దిగులో, చూచుచున్న బొమ్మకు తోడుగా నోటికి కోరుకొను పనియో అయియుండును. ఆకలియే అయినచో తినవలెను. మానుకొని పస్తు పడుకొన్నచో నిద్రపట్టదు, అర్ధరాత్రి లేచి అంతకు రెట్టింపు తిందురు. ఒక గ్లాసు పలుచని మజ్జిగ, ఒక జామపండు, లేక చిన్న గిన్నెడు వేయించిన శనగలు చాలును. ముప్పది గ్రాముల శనగలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. నమలుటకును కొంత సమయము పట్టును. వేరుశనగలు మంచివే గాని వాటిలో నూనె ఎక్కువ, గుప్పెడుతో ఆగవలెను. ఆరోగ్యకరమన్న పేరుతో అరకిలో పల్లీలు ఒలిచి తినువారిని మేము చూచితిమి.

ఆకలి కాదని తేలినచో పది పదిహేను నిమిషములు ఆగి చూడవలెను. ఈ లోపల నీరు త్రాగవచ్చును, వీధిలో నాలుగు అడుగులు వేయవచ్చును, పండ్లు తోముకొనవచ్చును. పండ్లు తోముకొనుట చిన్న ఉపాయమే యైనను బాగుగా పని చేయును. నిద్రలో నోట లాలాజలము తగ్గును గనుక రాత్రి కడపట తినిన తీపి పంటికి అంటుకొని ఎక్కువ హాని చేయును. కావున ఈ అలవాటువలన పండ్లకు కూడ మేలు. కోరిక సముద్రపు అల వంటిది. లేచినది దానంతట అదియే విరుగును. కాని డబ్బా చేతికి అందుచోట ఉన్నచో అల విరుగువరకు ఆగుట ఎవరికిని సాధ్యము కాదు.

ఆ కారణముచే ఇంటిలోని ఏర్పాటు మనోనిగ్రహముకంటె ముఖ్యము. జంతికల డబ్బాను టెలివిజను ప్రక్కన బల్లమీద ఉంచి, తినవద్దని తమకు తాము చెప్పుకొనుట దొంగ చేతికి తాళమిచ్చుటయే. దానిని అటకమీద పెట్టవలెను. తినవలెనన్నచో నిచ్చెన వేసికొని తీయుదురు గాక! నెలసరి సరుకులతో పెద్ద పొట్లములు తెచ్చి నిలువ చేయక, పిల్లలకు కావలసినపుడు ఆనాటికి మాత్రమే కొనుట మంచిది. పూర్వము రాత్రి భోజనములైన వెంటనే పొయ్యి అలికి, గిన్నెలు బోర్లించి, వంటయింటి తలుపు దగ్గరగా వేసెడివారు. ఆ పిమ్మట తిండి మాట ఎవరును ఎత్తెడివారు కారు. శుభ్రము చేసిన వంటయింటిని మరల చెడగొట్టుటకు చేయి వెనుకాడును. గ్యాసు పొయ్యిని తుడిచి దీపము తీసివేసినను అదే ఫలము కలుగును.

పొట్లము తినక తప్పదనుకొన్నచో దాని వెనుకనున్న అక్షరములను చదువవలెను. ప్రతి పొట్లముమీదను 100 గ్రాములకు ఎంత శక్తి, ఎంత క్రొవ్వు, ఎంత ఉప్పు ఉన్నదో ముద్రింపవలెనని నిబంధన కలదు. చిప్సు, మిక్చరు వంటివాటిలో 100 గ్రాములకు 500 కేలరీలకు పైగా కనిపించును. అన్నములో అంతే బరువునకు సుమారు 130 మాత్రమే. అనగా ధారావాహిక చూచుచు గుప్పెడు గుప్పెడుగా వంద గ్రాముల మిక్చరు ముగించినవారు ఇంచుమించు నాలుగు వందల గ్రాముల అన్నము తినినట్లే. అన్నము తినినట్లు కడుపు నిండదు, అంతే భేదము. దినమునకు 200 కేలరీలు అదనముగా తినుచు పోయినచో నెలకు 6000 అగును. ఒక కిలో శరీరపు క్రొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉండును. దేహము కొంత సర్దుకొనును గాన లెక్క ప్రకారము ప్రతి నెల ముప్పాతిక కిలో పెరుగరు. అయినను సంవత్సరము తిరుగుసరికి నడుము టేపు ఆ పొట్లముల సంగతి చెప్పును. సంచిలోనుండి నేరుగా తినక చిన్న గిన్నెలో వేసికొని, సంచి మూతి కట్టి లోపల పెట్టి, గిన్నెడే తినుట కనీసపు జాగ్రత్త.

పురుషుల విషయమున మరియొక చిక్కు కలదు. సాయంకాలము కల్లు, సారాయములతో కూర్చుండువారు నంజుకొనుటకు వేయించిన పల్లీలు, చికెను పకోడీలు, కారపు బఠాణీలు పెట్టుకొందురు. మద్యమునందు ఒక్కొక్క గ్రామునకు 7 కేలరీలు కలవు. అది నాలుకకు పగ్గము తీయును. పిమ్మట ఇంటికి వచ్చి పదకొండు గంటలకు మరల అన్నము. పొట్టలు పెరుగుటకు ఇంతకంటె దగ్గర త్రోవ లేదు. దీనికి మేము చెప్పగల ఉపాయము ఒక్కటే. అది అందరకు తెలిసినదే.

అతిథి మర్యాదయు ఒక అవరోధమే. గ్రామములలో మా ప్రచార సభలు ముగియుసరికి తొమ్మిది దాటును. ఆ వేళ ఇంటికి తీసికొనిపోయి పళ్లెము నిండ పిండివంటలు ముందుంచనిదే ఎవరును పంపరు, వద్దన్నచో నొచ్చుకొందురు. ఆ ఆదరము మన జాతి సొత్తు, దానిని పోగొట్టుకొనరాదు. అయితే పళ్లెములో ఒక అరటిపండు, ఒక గ్లాసు మజ్జిగ ఉన్నను మర్యాదకు కొరత రాదని ఒక ఇంటివారు మొదలిడినచో తక్కినవారికి ధైర్యము వచ్చును. మహిళా సంఘముల సమావేశములలో ఈ మాట ఎత్తుట తగును.

కొందరు జాగ్రత్తపడవలెను

ఇంతవరకు చెప్పినది అందరకు వర్తింపదు. ముఖ్యముగా మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువారును, చక్కెరను తగ్గించు కొన్ని రకముల మాత్రలు వాడువారును వైద్యుని అడుగకుండ రాత్రి తిండిని మానుట గాని, తగ్గించుట గాని ప్రాణాపాయకరము. మందు పని చేయుచుండగా తిండి లేనిచో నిద్రలో రక్తపు చక్కెర పడిపోవును. చెమటలు పట్టుట, చేతులు వణకుట, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు దీని గుర్తులు. ఇట్టివారికి అర్ధరాత్రి వేయు ఆకలి జిహ్వచాపల్యము కాదు, హెచ్చరిక. స్పృహయున్నచో వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషములలో తేరుకొననిచో మరల ఇచ్చి, తరువాత కొంత అన్నమో రొట్టెయో పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు; 108కి ఫోను చేయవలెను. మద్యము త్రాగి తినకుండ పడుకొను మధుమేహ రోగులకు ఈ అపాయము మరింత ఎక్కువ. మందు మోతాదును తిండి మార్పునకు తగినట్లు సవరించుట వైద్యుని పని.

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగుచున్న పిల్లలు రాత్రి ఆకలియైనపుడు నిస్సంకోచముగా తినవలెను. రాత్రి బిడ్డకు పాలిచ్చు తల్లికి ఆకలి వేయుట సహజము. ఆమెకు పాలు, పండ్లు, అన్నము పెట్టవలసిన బాధ్యత ఇంటివారిది. రంజాను మాసమున ఉపవాసముండు సోదరులకు రాత్రియే భోజనకాలము. వారికి పై వేళలు వర్తింపవు, నూనెవంటకములు మితముగా తినవలెనన్న మాట మాత్రము వర్తించును. రాత్రివేళ పొలమునకు నీరు పెట్టబోవువారు, లారీ నడుపువారు, ఆసుపత్రులలో రాత్రి పని చేయువారు బయలుదేరుటకు ముందే భోజనము ముగించి, నడిరాత్రి గుగ్గిళ్లు, మజ్జిగ, గ్రుడ్డు వంటి తేలికపాటి తిండి తీసికొనుట మేలు. తెల్లవారుజామున టీతో బజ్జీలు తిని వెంటనే పడుకొనుట వారికి ఎక్కువ కీడు చేయుచున్నది.

మరికొందరికి ఇది అలవాటును దాటి వ్యాధియగును. దినపు తిండిలో నాలుగవ వంతుకు మించి రాత్రి భోజనము తరువాతనే తినుట, వారములో రెండు పర్యాయములైనను నిద్రలేచి తిననిదే మరల నిద్ర పట్టకపోవుట, ఉదయము ఆకలి లేకపోవుట, మనస్సు దిగులుగా నుండుట – వీటిని ఒక ప్రత్యేక రుగ్మతగా 1955లోనే అమెరికను వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ వర్ణించెను. అట్టివారిని తిండిపోతులని పరిహసించుట అన్యాయము. దీనికి చికిత్స కలదు. వైద్యునికి దాచక చెప్పవలెను.

ఆశ యెంత పెట్టుకొనవచ్చునన్న ప్రశ్నకు చెన్నపట్టణమున జరిగిన ఒక ప్రయత్నము సమాధానమిచ్చును. మధుమేహమునకు ముందటి మెట్టుమీద నున్నవారికి ఆహార నియమమును, నడకయు మాత్రమే అలవాటు చేసి సుమారు రెండున్నర సంవత్సరములు గమనింపగా, అట్టి సలహా లేనివారికంటె వీరిలో వ్యాధి వచ్చువారి సంఖ్య నూటికి 28 పాళ్లకు పైగా తగ్గినట్లు 2006లో ప్రకటించిరి. మందులు లేకుండ సాధించినది ఇది.

ముప్పది ఏండ్లు నిండిన స్త్రీపురుషులకు రక్తపు చక్కెర, రక్తపుపోటు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రములలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను ఉచితముగా చేయబడుచున్నవి. ఆశా కార్యకర్త నడిగినచో పరీక్ష జరుగు దినము తెలుపును. బరువు చూచుకొనదలచినవారు వారమున కొకమారు, ఒకే త్రాసుమీద, ఉదయము ఏమియు తినకముందు చూచుకొని గోడమీది క్యాలెండరులో వ్రాసికొనవలెను. దినదినమును చూచుకొన్నచో నీటి హెచ్చుతగ్గులే కనబడి నిరుత్సాహము కలుగును.